తుప్పు వెనక్కి నడిచిన రోజు

గంధకంతో కలిసి కాలిన ఇనుమును అయస్కాంతం గుర్తుపట్టదు. ఈ సంగతి మా కోడలు వకుళ ఎనిమిదో తరగతి పిల్లలకు ఏటా చేసి చూపిస్తుంది. ముందు ఇనుప రజను, పచ్చటి గంధకం పొడి కాగితం మీద కలుపుతుంది. అయస్కాంతం తిప్పితే ఇనుమంతా వచ్చి అంటుకుంటుంది, గంధకం కాగితం మీదే ఉండిపోతుంది. అది మిశ్రమం. కందుల్లో మట్టిగడ్డలు కలిసినట్టు, చెరిగితే వేరవుతాయి. తర్వాత ఆ పొడినే గాజు గొట్టంలో పోసి సెగ మీద పెడుతుంది. అది ఎర్రగా కణకణలాడి నల్లటి గడ్డ అవుతుంది. ఇక అయస్కాంతం ఎంత తిప్పినా కదలదు. అది సంయోగ పదార్థం. అందులో ఇనుము ఉంది, ఇనుము గుణం లేదు. గంధకం ఉంది, గంధకం గుణం లేదు.

ఆ ఏడు వేసవి సెలవులకు ముందు ఒక పొద్దున ఆ నల్లగడ్డలోని ఇనుము అయస్కాంతానికి అంటుకుంది.

వకుళ బడి నుంచి పరుగులాంటి నడకతో వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా వంటింట్లోకి వచ్చి నా భుజాలు పట్టుకుంది.

"అత్తమ్మా, విడిపోయిందత్తమ్మా!"

"ఎవురు మే? ఎవురెవురు విడిపోయారు?" అన్నాను కంగారుగా. ఊళ్లో అప్పుడే ఒక జంట పంచాయితీ నడుస్తోంది.

"ఇనుమూ గంధకమూ!"

"ఓసి నీ అఘాయిత్యం కూలా! నేనింకా ఎవురో అనుకుంటిని."

జరిగింది ఇది. వేరే ప్రయోగం కోసం ఆమె ఒక రాగి రేకు మీద ఏదో పూత పూసి, కాల్చి, బల్ల మీద పడేసింది. ఆ నల్లపూత మీద గడ్డను మరిచిపోయి ఇంటికి వచ్చేసింది. తెల్లారి చూస్తే రేకు మీద ఇనుము ఒక పక్క, గంధకం ఒక పక్క పొడిగా రాలి ఉన్నాయి. నిప్పులు చెరిగే ఎండల్లో ఆ రేకు నిండా మంచు బిందువులు పట్టి ఉన్నాయి.

కలిసేటప్పుడు అవి రెండూ వేడిని బయటికి వదిలాయి. విడిపోవాలంటే ఆ వేడి మళ్లీ వాటికి ఎవరో ఒకరు ఇచ్చుకోవాలి. నల్లపూత ఆ పని చేసిపెట్టింది. చుట్టుపక్కల గాలిలోంచి, బల్లలోంచి, గోడలోంచి వేడి పీల్చి గడ్డకు అందించింది. కాబట్టే అంత చల్లబడింది.

"జరిగిపోయిన చర్యను వెనక్కి నడిపించడం అత్తమ్మా ఇది," అంది వకుళ. నేను పొయ్యి మీది అన్నం మాడుతున్న వాసన పట్టి, "దీన్ని గూడా కాస్త వెనక్కి నడిపించు," అన్నాను. ఆమె నవ్వలేదు. "మాడినప్పుడు పోయిన పొగంతా పట్టి తెస్తే నడిపిస్తా," అంది.

ఆ వేసవి అంతా మా పంచలో పని జరిగింది. ఒక చెక్క పెట్టె, ఇన్వర్టరుకు పెట్టే బ్యాటరీ, రెండు రాగి రేకులు. నల్లపూత పూసిన చిన్న రేకు తుప్పు పట్టిన వస్తువును తాకుతుంది. దానికి తీగతో కలిపిన పెద్ద రేకు చుట్టూ ఉన్న వేడిని తాగుతుంది. మేం దాన్ని వెనక్కి పెట్టె అనేవాళ్లం. తుప్పు అంటే ఇనుము గాలినీ తేమనూ పట్టుకుని మారిన రూపం. పెట్టె పెడితే ఇనుము ఇనుములోకి పోయేది, నీళ్లు చుక్కలుగా కారేవి, ప్రాణవాయువు గాలిలోకి పోయేది. ప్రాణవాయువేనని నమ్మకం ఏమిటంటే, కొస ఆరిపోయి ఎర్రగా ఉన్న అగరుబత్తిని దగ్గర పెట్టగానే భగ్గుమని మండేది. వీధిలో వాళ్లు కొడవళ్లు, బావి గిలకలు, సైకిలు గొలుసులు తెచ్చేవాళ్లు. మా పక్కింటి పేరమ్మ తన అత్తగారి నాటి అట్లపెనం తెచ్చింది.

"కోడలమ్మా, తుప్పు సంగతి దేవుడెరుగు, నీ పెట్టె కాడ కూకుంటే పానం లేచొస్తంది. మజ్జిగ ముంత ఇక్కడ పెట్టుకోనా?"

ఆ మాట ఊరంతా పాకింది. ఎండలు నలభై అయిదు దాటే కాలం అది. కరెంటు సగం రోజు ఉండదు. మజ్జిగ ముంతలు, ముంజెకాయలు, చంటిపిల్లల ఉయ్యాలలు మా పంచలోకి వచ్చాయి. ముసలాళ్లు పెద్ద రేకుకు వీపు ఆనించి కునుకు తీసేవాళ్లు. చల్లదనం మనిషికి చెడు చేస్తుందని మా వైపు ఎవరికైనా ఎందుకు తోస్తుంది? మాకు తెలిసిందల్లా వడదెబ్బ.

నా కొడుకు మాలకొండయ్య ఎర్రమడుగు ప్రాజెక్టులో గేట్ల ఆపరేటరు. ప్రాజెక్టులో చాలా ఏళ్లుగా నీళ్లు లేవు. అయినా రోజూ పోయి గొలుసులకు గ్రీజు పూసి, కాలుతున్న ఇనుము మీద చేతులు వేసి గేట్లన్నీ తడిమి వచ్చేవాడు. ఇంటికి రాగానే ఆ మండే కుడిచెయ్యి పెద్ద రేకు మీద ఆనించి కూర్చునేవాడు. "అమ్మా, సొర్గమంటే ఇదే," అనేవాడు. అట్లాగే నిద్రపోయేవాడు.

ఒకనాడు చెయ్యి తీయబోతే చర్మం రేకుకు అంటుకుపోయి ఉంది. నొప్పి లేదన్నాడు. వేళ్లు తెల్లగా మైనంలా ఉన్నాయి. పేరమ్మ వెన్న రాసింది. రెండు రోజులకు చిటికెన వేలు, ఉంగరం వేలు నల్లబడ్డాయి.

ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరు ఆ చేతిని తిప్పి తిప్పి చూశాడు. "మంచు కొరికిన చెయ్యి ఇది. ఈమధ్య హిమాలయాలకేమన్నా వెళ్లొచ్చారా?"

"కనిగిరి దాకా పోయి గూడా ఆర్నెల్లయింది సార్," అన్నాడు మావాడు.

రెండు వేళ్లూ తీసేశారు.

ఇంటికి వచ్చిన రోజే వకుళ పెట్టెను గోతాంలో చుట్టి కొట్టంలో వెనక్కి నెట్టేసింది. బడికి పోయేది, వచ్చేది, వండేది. ఒక సాయంత్రం మావాడు తనే ఆ మాట కదిపాడు.

"చెయ్యి పెట్టింది నేను గదా. నీ తప్పేముంది ఇందులో?"

"చల్లటి వస్తువు తనను తాకినదాని వేడి లాగేస్తుందని ఊరి పిల్లలందరికీ చెప్తా. ఇంట్లో మనిషికి చెప్పలేదు. ఇంకెప్పుడూ దాన్ని ముట్టను, మీరు నాకు చెప్పబాకండి," అంది.

నేనూ సరేననుకున్నాను. తుప్పుతో ఇన్నాళ్లూ బతికాం, ఇకముందూ బతుకుతాం.

దసరా వెళ్లాక తుఫాను పట్టింది. ఆకాశం అట్లా చిల్లులు పడడం నేను పెళ్లయి ఈ ఊరు వచ్చాక చూడలేదు. బుగ్గేరు ఎర్రగా పొంగి ఎర్రమడుగులోకి దూకింది. ఏళ్ల తరబడి తుమ్మచెట్లు మొలిచిన ప్రాజెక్టు చూస్తుండగానే సముద్రమయింది. ఊరు ఊరంతా గొడుగులేసుకుని కట్ట మీదికి పోయి సంబరపడ్డాం. పేరమ్మ పసుపు కుంకుమ చల్లి దండం పెట్టుకుంది.

మర్నాడు తెల్లవారాక మాలకొండయ్య ఇంటికి వచ్చాడు. తల నుంచి నీళ్లు కారుతున్నాయి.

"గేట్లు లేవడంల్యా," అన్నాడు. "మూడూ బిగుసుకుపోయినయ్. మోటారు కాలిపోయింది. చేత్తో తిప్పే పిడికి నలుగురు ఏలాడినా కదలడంల్యా. గొలుసులకి గ్రీజు పూస్తిని గానీ గోడలోని గాడి లోపల, చక్రాలకాడ, కింద దాకా తుప్పే. అది ఉబ్బి పట్టేసింది."

"లేవకపోతే?" అన్నాను.

"కట్ట మట్టిది గదమ్మా. గేట్లలోంచి నీళ్లు కాస్త కాస్తగా పోవాల, కట్ట పైకెక్కితే అది తెగుద్ది. మద్దేనం దాకా ఆగుద్దంట, మా ఇంజనీరు ఏ.ఈ. గారు చెప్తన్నాడు."

కట్ట తెగితే దిగువన నాలుగు ఊళ్లు. వాటిలో లింగాలపాలెం ఏటి ఒడ్డునే ఉంది. మా అక్క కూతురు నాగరత్నం కాపురం అక్కడే. రోడ్డు అప్పటికే తెగిపోయింది. ఊరు ఊరంతా బడి మిద్దె ఎక్కి కూర్చున్నారని రాత్రే ఫోను చేసింది. పుట్టి నెల తిరగని పిల్ల దాని ఒళ్లో ఉంది.

మావాడు కొట్టం వైపు చూశాడు. "వకుళా, పెట్టె తియ్యి."

"తియ్యను."

"ఊళ్లు పోతయ్."

"గేట్లంటే కొడవలి అనుకున్నారా? ఆ గాడిలో ఎంత తుప్పుందో! దాన్నంతా వెనక్కి తిప్పాలంటే ఎంత వేడి గావాలో తెలుసా మీకు? దగ్గరున్నోళ్లందర్నీ పీల్చేస్తది. రెండు వేళ్లతో పోదు ఈసారి!"

"మనుషులది కాకుండా ఇంకెక్కడా వేడి లేదా?" అన్నాడు మావాడు విసుగ్గా. "ఈ వానలో నిప్పు రాజెయ్యలేం. ఎటు చూసినా నీళ్లే."

వకుళ వాకిట్లో పారుతున్న వాన నీళ్ల వైపు తిరిగింది. తర్వాత మెల్లగా, "నీళ్లే," అంది.

"ఆ చన్నీళ్లల్లో ఏం వేడుంటది మే?" అన్నాను నేను.

"మంచు కన్నా వేడే గదత్తమ్మా. ఒక్కో చుక్క కాస్త కాస్త ఇచ్చినా చాలు. చెంబుడు నీళ్లయితే ఇవ్వలేవు. ఇప్పుడు ఏరంతా ఉంది." అప్పటికే కొట్టంలోకి పోయి గోతాం లాగుతోంది. "పెద్ద రేకు చాలదు. ఇంకా పెద్ద రాగి గావాల."

మా ఇంట్లో అంత రాగి ఒక్కటే ఉంది, నా పెళ్లినాటి గంగాళం. నలుగురు పిల్లలు కూర్చుని స్నానం చేసేంతది. నేనే దొర్లించుకుని బయటికి తెచ్చాను.

గేట్ల దగ్గర ఏ.ఈ. ఖాదర్‌వలీ గారు తడిసి ముద్దయి నిలబడి ఉన్నారు. ఒక మనిషి గ్యాస్ కట్టరు తెచ్చి పెట్టుకున్నాడు. వకుళ ముందు దాన్ని పక్కకు తీయించింది.

"సార్, ఈ గాడి నుంచి ప్రాణవాయువు వస్తది. చుట్టూ గ్రీజు ఉంది. ఒక్క నిప్పురవ్వ పడితే గేటు కాదు, మనం లేస్తాం పైకి. అందరి జేబుల్లో అగ్గిపెట్టెలు ఏట్లో పారేయించండి."

ఖాదర్‌వలీ గారు ఆమెనూ పెట్టెనూ ఒకసారి చూసి, తన జేబులోని లైటరే ముందు నీళ్లలోకి విసిరారు. "చెప్పమ్మా, ఇంకేం గావాల?" అన్నారు. ఆమె అడిగిన లావు రాగి తీగ స్టోరులోంచి ఆయనే భుజాన వేసుకుని తెచ్చారు.

చిన్న రేకును మధ్య గేటు గాడికి బిగించారు. దానికి కలిపిన తీగ రెండో కొసను గంగాళానికి కట్టి, గేటు పక్కన నీళ్లలోకి దిగే మెట్ల మీద దాన్ని ముంచి పెట్టారు. మోకాలి లోతు నీళ్లు దాని లోపలికీ బయటికీ పారుతున్నాయి. వకుళ మీట వేసింది.

గాడి వెంట సన్నగా బుడగలు లేచాయి. తుప్పుకు ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి. అందుకే అది గేటును అంత గట్టిగా పట్టేసింది. అదిప్పుడు ఇనుముగా మారి సన్నబడుతోంది. ఎర్రమట్టి రంగు పొరలు మా కళ్ల ముందే బూడిదరంగు తిరిగి పొడిపొడిగా రాలాయి. జనం కేకలు వేశారు. అంతలోనే బుడగలు ఆగిపోయాయి.

"ఏమయింది?"

గంగాళం లోపల చేతి మందాన మంచు కట్టింది. బయటి వైపు కట్టినది ప్రవాహానికి ఊడి కొట్టుకుపోతోంది గానీ లోపలిది రాగికి అట్టలా అతుక్కుపోయింది. ఆ మంచు అడ్డం పడి కొత్త నీళ్ల వేడి రాగికి అందడం లేదు.

మగవాళ్లు గడ్డపారలతో దిగారు. నలుగురూ ఒకేసారి పొడిచారు. పారకు పార తగిలి ఖంగున మోగింది, ఒకడి పార జారి ఇంకొకడి కాలి పక్కన దిగింది, గంగాళానికి సొట్ట పడింది. అంకయ్య అనే కుర్రాడు కెవ్వుమన్నాడు. ఇనుప పార చల్లబడి అరచేయి దానికి అతుక్కుంది. వకుళ నీళ్లు పోసి విడిపించి, "బయటికి రండి! అందరూ వచ్చేయండి!" అని అరిచింది. మీట మీదికి ఆమె చెయ్యి పోయింది. ఆ ముఖం చూస్తే నాకు అర్థమయింది, ఆపేయబోతోంది.

నేను గంగాళం వైపు చూశాను. నోరు పైకి పెట్టి, మధ్యలో దంచాల్సిన సరుకుతో, అచ్చం రోలులా ఉంది.

"ఆపబాక మే!" అన్నాను. "పేరమ్మా, రోకళ్లు తెప్పించు. మన ఈదిలో ఎన్నుంటే అన్ని."

మాది మిరపకాయల ఊరు. ఇప్పటికీ కారం ఇంట్లోనే దంచుతాం. ఒక రోటి చుట్టూ ముగ్గురం నిలబడి పాట పాడుకుంటూ దంచితే ఒక రోకలి పైన, ఒకటి నడుమ, ఒకటి రోట్లో ఉంటుంది. ఒకదానికొకటి తగలదు. అది ఎవరూ నేర్పరు; దంచగా దంచగా ఒంటికి పట్టుకుంటుంది.

రోకళ్లు వచ్చాయి. కొసన ఇనుప పొన్ను ఉంటుంది కదా, ఆ వైపు పైకి తిప్పించి ఒట్టి కొయ్య వైపు కిందికి పెట్టించింది వకుళ. కొయ్య చల్లదనాన్ని చేతుల దాకా రానివ్వదు, రాగికి సొట్ట పెట్టదు. మా నడుములకు మోకులు కట్టి పైన మగవాళ్లు పట్టుకున్నారు. వకుళ మెట్టు మీద అడ్డంగా నిలబడింది.

"ఒక్క మాట ఇనండి. ఒక పాట అయ్యేదాకానే ఎవురైనా. తర్వాత పైకి రావాల్సిందే. కాళ్లు మంటపెడితే భయపడబాకండి. హాయిగా ఉందనిపిస్తే మాత్రం చెప్పండి, ఆ క్షణమే పైకి లాగేస్తా. హాయే పేణం తీసేది."

దిగాం. నేను, పేరమ్మ, చాకలి సీతాలు. మొదటి పోటుకే మంచు పెటిల్లుమంది.

"హుఁ!" "హుఁ!" "హుఁ!"

ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. విరిగిన ముక్కలు తేలి గంగాళం అంచు మీదుగా ఏట్లోకి పోతున్నాయి. పైనుంచి, "బుడగలొస్తన్నయ్!" అని మావాడి కేక. పేరమ్మకు ఊపు వచ్చింది.

"ఇన్నేళ్లూ మిరపకాయలు దంచి కళ్లెమ్మట నీళ్లు కార్చుకున్నామే నాంచారమ్మా! ఇది చూడు, ఘాటు ల్యా, తుమ్ము ల్యా!"

"నోరు కాదు, రోకలాడించు!" అన్నాను నేను.

పాట అయిపోయింది. ఇంకో ముగ్గురు దిగారు. పైన ఖాదర్‌వలీ గారి జీపులో దుప్పట్లు, ఎవరో ప్లాస్కులో తెచ్చిన వేడి టీ. మళ్లీ మా వంతు వచ్చింది. నీళ్లు పెరిగాయి, గంగాళాన్ని ఒక మెట్టు పైకి జరిపారు. మూడోసారి దిగినప్పుడు పేరమ్మ నవ్వుతూ, "నాంచారమ్మా, ఇప్పుడు బాగుందే. కాళ్లకాడ ఎచ్చగా, మెత్తగా," అంది.

నేను రోకలి వదిలేసి దాని జుట్టు పట్టుకున్నాను. "లాగండయ్యా దీన్ని!"

"వదలవే ముండా, ఇంకో పాట..." అంటూనే పైకి పోయింది. వకుళ దాని పాదాలను తన పొట్టకు ఆనించుకుని కూర్చుంది. రుద్దలేదు, నిప్పు దగ్గర పెట్టలేదు. ఒంటి వెచ్చదనమే ఇచ్చింది. కాసేపటికి పేరమ్మ, "అమ్మో, మంట! చచ్చానే!" అని ఏడుపు లంకించుకుంది. వకుళ ఏడుస్తూ నవ్వింది. మంట వచ్చిందంటే కాళ్లు బతికాయి.

కట్ట అంచుకు నీళ్లు జానెడు దూరంలో ఉన్నాయి. ఒకచోట మట్టి జారితే కుర్రాళ్లు ఇసుక మూటలు వేస్తున్నారు. గాడి పై నుంచి కింది దాకా బూడిదరంగు తిరిగింది. మాలకొండయ్య పిడి పట్టుకున్నాడు. ఒక పక్క అతను, ఖాదర్‌వలీ గారు. ఇంకో పక్క అంకయ్య, కట్టరు తెచ్చిన మనిషి.

"పట్టండి... హైసా!"

కదల్లేదు.

"దంచండమ్మా, ఆపబాకండి! ఇంకోసారి... హైసా!"

ముందు ఒక మూలుగు వినిపించింది. ఇనుము ఇనుము మీద జారే చప్పుడు, మేం ఆ గేట్ల నుంచి ఏళ్ల తరబడి వినని చప్పుడు. పిడి పావు వంతు తిరిగింది. తర్వాత సగం. తర్వాత ఒక్కసారిగా చేతులకు తేలికయింది. గేటు అడుగున నీళ్లు తెల్లగా పేలాయి. కట్టంతా అదిరింది. ఆ హోరులో మావాడు ఏం అరిచాడో వినపడలేదు గానీ, గేటు మాత్రం జానెడు, మూరెడు, మనిషి ఎత్తు లేచింది. మమ్మల్ని మోకులతో పైకి లాగేశారు. మేం విరగ్గొట్టిన మంచు అంతా గేటు కింద నుంచి దూకి, ఎర్రటి వరద మీద తెల్లగా మెరుస్తూ దిగువకు పోయింది.

కట్ట పక్కన పాతిన కొలత రాయి వైపే అందరం చూస్తున్నాం. నీళ్లు పెరగడం ఆగింది. చాలాసేపు అక్కడే నిలిచాయి. తర్వాత రాయి మీద వేలెడు మేర తడి గీత బయటపడింది. ఖాదర్‌వలీ గారు రెండు చేతులతో ముఖం తుడుచుకుని, నీళ్లలో కాళ్లు పెట్టుకుని అట్లాగే మెట్టు మీద కూలబడ్డారు.

నా ఫోను మోగింది. నాగరత్నం.

"పిన్నీ! బడి మిద్దె కింద నీళ్లు కాస్త పెరిగి నిలబడ్డయ్, పైకి ఎక్కడంల్యా! పిన్నీ, ఏట్లో మంచుగడ్డలొస్తన్నయ్! పిల్లోళ్లు బక్కెట్లకి తాళ్లు కట్టి పట్టుకుంటన్నారు. మా మామ కలికాలమని దండాలు పెడతన్నాడు. ఏంది పిన్నీ ఇది?"

"అది మీ వదిన వండింది. మేం దంచి పంపించాం," అన్నాను. "పాపాయిని తడవనీబాక."

ఫోను పెట్టేసి చూస్తే వకుళ మధ్య గేటు దగ్గర లేదు. చిన్న రేకును తనే విప్పుకుని కుడి పక్క గేటు గాడి దగ్గరికి పోయింది. చలికి పెదాలు నీలంగా ఉన్నాయి. మరలు బిగిస్తూ, తల తిప్పకుండానే కేకేసింది.

"అత్తమ్మా, వాన ఆగలేదు. ఇంకా రెండు గేట్లున్నయ్!"

గంగాళాన్ని ఎత్తడానికి నేను వంగేసరికి ఒక అంచు అప్పటికే సీతాలు పట్టుకుని ఉంది. రెండో అంచుకు మాలకొండయ్య వచ్చాడు. వెనక రోకళ్లు భుజాన వేసుకుని ఆడవాళ్లంతా బయలుదేరారు. దుప్పటి చుట్టుకుని జీపులో కూర్చున్న పేరమ్మ మాత్రం, తనను దిగనివ్వడం లేదని డ్రైవరును తిడుతూ, పాట ఎత్తుకుంది.